ఏడు వందల నలభై మూడో అడుగు

నా దగ్గర 192 పేజీల నోటుపుస్తకం ఒకటి ఉంది. అందులో వాడినవి 41 పేజీలు. అట్టమీద నా చేతిరాతతో ‘టేప్‌రికార్డరు ఎంపిక, 1973’ అని ఉంటుంది. జ్ఞాపకశక్తి మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. అది ఎప్పుడూ యజమానికి అనుకూలంగానే సాక్ష్యం చెబుతుంది. కాబట్టి ఇక్కడ రాస్తున్నది దాదాపుగా ఆ నలభై ఒక్క పేజీల నుంచి ఎత్తి రాస్తున్నదే. చివరి పేజీలోని పట్టికలో ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది. నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలోగానీ, ఆ తర్వాతగానీ, నేను పట్టిక గీసి నింపకుండా వదిలిన గడి అదొక్కటే.

1968లో నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి కూకట్‌పల్లికి మూడు మైళ్ల దూరంలో ఉన్న ఒక కర్మాగారంలో చేరాను. కొలత పరికరాల తనిఖీ విభాగం. మా పని వస్తువులను కొలవడం కాదు, వస్తువులను కొలిచేవాటిని కొలవడం. మనిషి స్వభావం ఉద్యోగాన్ని బట్టి మారుతుందో, స్వభావాన్ని బట్టి ఉద్యోగం దొరుకుతుందో నేను చెప్పలేను. దానికి తగిన గణాంకాలు నా దగ్గర లేవు. కూకట్‌పల్లిలో రెండు గదుల వాటా కిరాయికి తీసుకున్నాం. అక్కడ మాలాగే కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు ఇరవై ముగ్గురు చేరి ఒక సంగీత సభ పెట్టుకున్నారు. నేను పదిహేడో సభ్యుణ్ణి. నాకు రాగాలు తెలియవు. ఎన్ని నిమిషాలు పాడారో తెలుస్తుంది.

సభ కార్యదర్శి మా కర్మాగారంలోనే స్టోర్సు విభాగంలో పనిచేసేవాడు. 1973 జనవరిలో ఒక సోమవారం ఉదయం అతను నా బల్ల దగ్గరికి వచ్చి, ముందురోజు మియాపూర్‌లో ఒక పెళ్లికి వెళ్లిన సంగతి చెప్పాడు.

“మాస్టారూ, ఆ పెళ్లిలో ఒక ముసలాయన సన్నాయి విన్నానండి. నానక్‌రామ్‌గూడ ఆయనట. వింటూ వింటూ భోజనానికి కూర్చోవడం మర్చిపోయాను.”

ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. అతన్ని నాలుగేళ్లుగా ఎరుగుదును. పెళ్లిళ్లలో రెండో పంక్తిలో కూడా కూర్చోగల మనిషి. సంగీతం ఎంత గొప్పదో కొలవడానికి అంతకంటే కచ్చితమైన సాధనం అప్పటికి నా ఎరుకలో లేదు.

తర్వాతి ఆదివారం ఇద్దరం సైకిళ్ల మీద నానక్‌రామ్‌గూడ వెళ్లాం. పన్నెండు కిలోమీటర్లు. దారి పొడవునా రాతి గుండ్లు, సీతాఫలం పొదలు, గొర్రెలు తప్ప వేరే ఏమీ లేవు. పెద్దాయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని సన్నాయి పీకలు చెక్కుతున్నాడు. వయసు ఎంతని అడిగితే, “గోల్కొండ కిల్ల కన్న జర చిన్నోన్నే” అన్నాడు. అది నేను పుస్తకంలో రాసుకోలేదు. పక్కన ఆయన మేనల్లుడు, నలభై ఏళ్ల మనిషి, డోలుకు తోలు బిగిస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే మేళం.

పెద్దాయన సంగతి నాలుగు మాటల్లో తేలిపోయింది. పైవరసలో ముందరి పళ్లు రెండు కదులుతున్నాయి. పట్నంలో దవాఖానకు వెళ్తే తీసెయ్యాలన్నారు. వైశాఖంలో ఊళ్లో ఒక పెళ్లికి మాట ఇచ్చాడు గనుక అంతవరకు ఆగాడు. ఆ పెళ్లి అయిన మర్నాడే పళ్లు తీయించుకుంటాడు. పళ్లు లేని పెదవులకు పీక నిలవదు.

“గంతే సారూ. దుకాణం బంద్,” అన్నాడు మేనల్లుడు.

“బంద్ గాక ఏమైతది? ఫికర్ లేదు,” అన్నాడు పెద్దాయన. “ఒక్కటే. యాభై ఏండ్ల సంది ఊదుతున్న. నా సన్నాయి నా దిక్కు ఎన్నడు వినవడలె. ఊదెటోనికి వినవడేది వేరే ఉంటది సారూ, బుగ్గలల్ల గాలి, తలకాయల గుయ్యిమని. అవుతలి దిక్కు నిలవడ్డోనికి ఎట్లుంటదో ఒక్కపారి వినలె.”

ఆయన కోరిందల్లా అదే. గడువు వైశాఖం. సభ అదే వారం సమావేశమై, బయటికి మోసుకుపోగల టేప్‌రికార్డరు ఒకటి కొనాలనీ, ఎంపిక బాధ్యత ఒక ఉపసంఘానికి అప్పగించాలనీ తీర్మానించింది. ఉపసంఘంలో సభ్యుణ్ణి నేనొక్కణ్ణే. అందువల్ల కోరం ఏనాడూ తప్పలేదు.

యంత్రం కొనేలోపు, ఒక సభ్యుడి ఇంట్లో ఉన్న కరెంటు టేప్‌రికార్డరు అరువు తెచ్చి, పెద్దాయన్ను మా కూకట్‌పల్లికే పిలిపించి రికార్డు చేద్దామని కార్యదర్శి అన్నాడు. ఆ యంత్రాన్ని కర్మాగారం తూకం మీద పెట్టి చూశాను: పదమూడు కిలోల నాలుగు వందల గ్రాములు. దాన్ని ‘మోసుకుపోదగినది’ అని దాని తాలూకు పుస్తకంలో రాసి ఉంది. పైన పిడి ఉంది కాబట్టి కాబోలు. ఆ లెక్కన మా వంటింటి రుబ్బురోలుకు ఒక పిడి తగిలిస్తే అదీ మోసుకుపోదగినదే.

కార్యదర్శి నానక్‌రామ్‌గూడకు మనిషి చేత కబురు పంపాడు. కబురు ఆరు మాటలు. నా పుస్తకంలో ఉంది: ‘వచ్చే ఆదివారం పదింటికి కచేరీకి తప్పక రావాలి.’

ఆదివారం తొమ్మిదిన్నరకే తివాచీ పరిచి, మైకు నిలబెట్టి సిద్ధంగా ఉన్నాం. సభ్యులు పద్దెనిమిది మంది వచ్చారు. సరిగ్గా పదింటికి పెద్దాయన, మేనల్లుడు లోపలికి వచ్చారు. పెద్దాయన ఉతికిన ధోవతి, ఎర్ర రుమాలు. చంకలో గుడ్డతో చుట్టిన పొడవాటి పొట్లం. నేను మీట నొక్కాను. రీళ్లు తిరగసాగాయి. ఆయన తివాచీ అంచున చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఏం తప్పు చేసిన్నో చెప్పుండ్రి సారూ,” అన్నాడు. “కాయితాలన్నీ తెచ్చిన.”

గుడ్డ విప్పితే లోపల సన్నాయి లేదు. గొట్టంలా చుట్టిన పాత పట్టా కాగితాలు ఉన్నాయి.

“సన్నాయి ఏదండీ?” అన్నాడు కార్యదర్శి.

“కచ్చేరిల సన్నాయి ఊదనిస్తరా?” అన్నాడు పెద్దాయన.

మేనల్లుడు ఒక అడుగు ముందుకు వేసి, “నేను గవాయి చెప్పెతందుకొచ్చిన,” అన్నాడు. సాక్ష్యం చెప్పడానికట.

మాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది; టేపు ప్రకారం నలభై ఎనిమిది సెకన్లు. మా వైపు కచేరీ అంటే పాట. వాళ్ల వైపు కచ్చేరి అంటే తహసీలు, కోర్టు, అమీను, సంతకం. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదట. ఏ భూమి మీద ఎవరు దావా వేశారా అని ఊళ్లో పెద్దమనుషులందరినీ అడిగి వచ్చారట. కార్యదర్శి చెవులు ఎర్రబడ్డాయి.

“అయ్యయ్యో, కచేరీ అంటే మా భాషలో సంగీతం అండీ. మిమ్మల్ని గౌరవించడానికి పిలిచాం.”

“గౌరవమా?” పెద్దాయన కాగితాలు మళ్లీ గుడ్డలో చుట్టాడు. “గట్ల చెప్పొద్దా మరి. నాల్గు రోజుల సంది పానం తీసిండ్రు గద.”

ఆ రోజు మేం టేపు మీద పట్టుకున్నది ఏడు నిమిషాల పది సెకన్ల భూమి తగాదా. తర్వాతి ఆదివారం వాళ్లు సన్నాయి, డోలు తీసుకుని మళ్లీ వచ్చారు. తివాచీ మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, వాయించమన్నాం. పెద్దాయన పదకొండు నిమిషాలు వాయించాడు. నాకు బాగానే ఉందనిపించింది. కార్యదర్శి మాత్రం మధ్యలో రెండుసార్లు వంటింటి వైపు చూశాడు. పులిహోర వాసన అతనికి తెలుస్తోందంటే సన్నాయి ఆ రోజు సన్నాయిలా లేదన్నమాట.

“ఈయాల మంచిగ రాలే,” అన్నాడు పెద్దాయన తనే. “కూసుంటే రాదు సారూ. నడిస్తెనే వస్తది.”

“నడవడానికీ రాగానికీ సంబంధం ఏమిటండీ?” అన్నాను.

“అదేందో నాకెట్ల ఎరుక? మా అయ్య కూడ నడుసుకుంటనే నేర్పిండు. కాళ్లు వోతుంటె సన్నాయి మీది ఏళ్లు వోతయ్. కూసోవెడ్తె ఏళ్లు కూడ కూసుంటయ్.”

ఇది తేలడానికి రెండు ఆదివారాలు పట్టింది. కానీ దీంతో ఎంపిక సమస్య రూపమే మారిపోయింది. కావలసింది మోసుకుపోగల యంత్రం కాదు, మోసుకుపోతుండగా పనిచేసే యంత్రం. వైశాఖంలో పెళ్లినాడు ఎదురుకోళ్లు ఉంటాయి. ఆడపెళ్లివారు మేళంతో ఊరి శివారుకు ఎదురువెళ్లి మగపెళ్లివారిని ఇంటికి తోడుకుని వస్తారు. ఉదయం ఎనిమిది ప్రాంతంలో. పెద్దాయన నడుస్తూ వాయించే ఆఖరి వాయింపు అదే. పట్టుకుంటే అప్పుడే పట్టుకోవాలి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో రెండు యంత్రాలను చెరి రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని పరీక్షించాను. మొదటిది బ్యాటరీలతో నడిచే రీళ్ల యంత్రం. పెద్ద టార్చి సెల్లులు ఆరు. వాటితో కలిపి బరువు నాలుగు కిలోల నూటయాభై గ్రాములు. రెండోది అప్పుడప్పుడే వస్తున్న చిన్న క్యాసెట్ యంత్రం. కిలో తొమ్మిది వందలు. పదకొండు గడుల పట్టిక గీశాను. బరువు, సెల్లుల ఆయుష్షు, టేపు నిడివి, నడకలో స్వరం వణికే మోతాదు, నేపథ్యంలో వినిపించే బుస, ఇత్యాదులు.

ప్రామాణిక శబ్దంగా మా కర్మాగారం సైరన్‌ను తీసుకున్నాను. ఏడున్నరకు మోగుతుంది, రోజూ ఒకే శ్రుతిలో, ఒకే నిడివిలో. అది మోగే వేళకు యంత్రం మెడకు తగిలించుకుని వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాణ్ణి. తర్వాత ఆ సైరన్ వింటూ ఎక్కడెక్కడ వణికిందో గుర్తుపెట్టేవాణ్ణి. మా ఆవిడ పాత మంచం నవారుతో ఒక పట్టీ కుట్టి ఇచ్చింది. పట్టీ బాగుందిగానీ దాంతోపాటు వ్యాఖ్యానం కూడా వచ్చింది.

“సన్నాయి పట్టుకోవడానికి సైరన్ వినడం ఎందుకండీ?”

“సైరన్ మారదు. యంత్రంలో తేడా ఉంటే తెలుస్తుంది.”

“బరువు మోసేదాన్ని గాడిద అంటారు. లెక్కపెట్టుకుంటూ మోసేదాన్ని ఏమంటారో మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు.”

మార్చి ఆఖరుకు మార్కులు తేలాయి. రీళ్ల యంత్రానికి నూటికి డెబ్బై నాలుగు. క్యాసెట్ యంత్రానికి డెబ్బై ఒకటి. కార్యదర్శికి పట్టిక చూపించాను. అతను చాలాసేపు చూశాడు.

“చిన్నదే తీసుకోండి మాస్టారూ. తేలిక. పైగా టేపు అయిపోతే టక్కుమని మీట పైకి లేస్తుంది. మనకు తెలుస్తుంది.”

“మీట లేవడం శబ్దగుణం కాదండీ,” అన్నాను.

“పోనీ, పెద్దదాన్నే నెమ్మది వేగంలో పెట్టండి. ముప్పై రెండు నిమిషాలు వస్తుంది కదా. ఊరేగింపంతా పడుతుంది.”

“నెమ్మది వేగంలో స్వరానికి పదును తగ్గుతుంది. తొమ్మిది మార్కులు పోతాయి.”

అతను స్టోర్సు మనిషి. వాదించి ఏ వస్తువూ ఆపలేమని అతనికి తెలుసు. సంతకం పెట్టాడు.

పెద్ద వేగం అంటే సెకనుకు ఏడున్నర అంగుళాలు. రీలు మీద ఆరు వందల అడుగుల టేపు ఉంటుంది. భాగిస్తే తొమ్మిది వందల అరవై సెకన్లు, అంటే పదహారు నిమిషాలు. అది అయ్యాక రీలు తిరగవేసి రెండో వైపు మొదలుపెట్టాలి. ఈ యంత్రం టేపు అయిపోయిందని చెప్పదు. మీట లేవదు, గంట మోగదు; ఊరికే తిరుగుతూనే ఉంటుంది. ఒక చేత్తో మైకు, ఒక చేత్తో యంత్రం పట్టుకుని నడిచేవాడికి చేతి గడియారం చూసుకునే వీలుండదు. కాబట్టి ఇంకొక గడియారం కావాలి.

అందుకోసం ఏప్రిల్‌లో కర్మాగారం నుంచి ముప్పై మీటర్ల టేపు ఒకటి అరువు తీసుకుని నానక్‌రామ్‌గూడ వెళ్లాను. కొలతల టేపు. మగపెళ్లివారు దిగే పెద్ద గుండు నుంచి పెళ్లి ఇంటి గడప దాకా దారి కొలవాలి. మేనల్లుడు ఒక కొస పట్టుకున్నాడు. పది నిమిషాల్లో ఊరు సగం గుమిగూడింది. ఒక ముసలమ్మ నన్ను ఏమీ అడగలేదు. పెద్దాయన దగ్గరికే వెళ్లింది.

“ఎవలి భూమి వోతుందిరా?”

“నాదే పోతదేమో వదినా,” అన్నాడు పెద్దాయన. “మొన్న కచ్చేరికి పిలిచిండ్రు. ఇయ్యాల టేపు వట్టిండ్రు. ఇగ దస్తకతే బాకి.”

సంతకమేమీ అక్కర్లేదని, నేను సన్నాయి కోసం కొలుస్తున్నానని వివరించాను. సన్నాయి కోసం దారి కొలిచే మనిషిని ఆ ఊరు అంతకుముందు చూడలేదు. నమ్మినట్టు కనిపించలేదు కూడా. వాళ్ల అనుమానం తప్పని అప్పట్లో రూఢిగా అన్నాను. తప్పేమీ కాదు, కాలం లెక్కలో కొంచెం ముందుందంతే. ఈమధ్య షేర్ ఆటో దిగి చూశాను. ఆ పెద్ద గుండు ఉండవలసిన చోట అద్దాల భవనం ఉంది. అంతస్తులు లెక్కపెడుతుంటే ఇరవై రెండు దగ్గర కాపలావాడు వచ్చి ఏం కావాలని అడిగాడు.

దారి 612 మీటర్లు వచ్చింది. మేనల్లుడు డోలు మీద ఎదురుకోళ్ల నడక వాయిస్తుంటే నడిచి చూశాను: సెకనుకు ఒక అడుగు, అడుగుకు నలభై అయిదు సెంటీమీటర్లు. మొత్తం 1,360 అడుగులు. అంటే టేపు ఒక వైపు సరిగ్గా 960 అడుగుల నడకకు వస్తుంది. ఆరు వందల అడుగుల టేపు, తొమ్మిది వందల అరవై అడుగుల నడక. రెండింటికీ తెలుగులో ఒకటే మాట. ఆ పొందిక చూసి ఆ రాత్రి నాకు చాలా తృప్తిగా నిద్రపట్టింది. నా అడుగులే నా గడియారం. తొమ్మిది వందల దగ్గర నేను తల ఊపుతాను. అప్పుడు పెద్దాయన ఊపిరి తీసుకుంటాడు, మేనల్లుడు ఒంటరిగా డోలు వాయిస్తాడు, ఆ వ్యవధిలో నేను రీలు తిరగవేస్తాను. రీలు తిరగవెయ్యడం వరండాలో నలభైసార్లు అభ్యాసం చేశాను. సగటు ఇరవై ఆరు సెకన్లు.

పెళ్లిరోజు ఉదయం ఎనిమిదింబావుకు గుండు దగ్గర మగపెళ్లివారు దిగారు. పానకం ఇచ్చారు. పెద్దాయన సన్నాయి పీకను తడిపి, నాలుకతో పళ్లను ఒకసారి తాకి చూసుకున్నాడు.

“ఉన్నయా మామా?” అన్నాడు మేనల్లుడు.

“ఉన్నయ్. ఇయ్యాలటి మందం ఉంటె సాలు.”

నా మెడలో నవారు పట్టీ, పొట్టకు అడ్డంగా యంత్రం. కుడిచేతిలోని మైకు సన్నాయికి రెండు అడుగుల దూరంలోనూ, నా నోటికి జానెడు దూరంలోనూ ఉంది. ఈ రెండో దూరం పదకొండు గడుల్లో ఎక్కడా లేదు. మీట నొక్కాను. డోలు లేచింది. నేను మొదటి అడుగు వేసి ‘ఒకటి’ అన్నాను.

తర్వాతి భాగానికి నాకు టేపే ఆధారం. పుస్తకంలో ఏమీ లేదు. చేతులు ఖాళీ లేవు.

గడప దగ్గరికి చేరాక, హారతి పళ్లెం వచ్చాక, డోలు ఆగాక, పొట్ట మీద టప టప టప అని చప్పుడు వినిపించి కిందికి చూశాను. టేపంతా ఒక రీలు మీదికి ఎక్కేసింది. విడిపోయిన కొస ప్రతి చుట్టుకూ యంత్రాన్ని కొడుతోంది. ఎంతసేపటి నుంచి కొడుతోందో తెలియదు. మేనల్లుడు డోలు దించుతూ నా వైపు చూశాడు.

“తలకాయ ఊపుత అంటివి గద సారూ. నీ తలకాయ దిక్కు సూసి సూసి నా మెడ వట్టేసింది.”

కార్యదర్శి జనంలో నా వెనకే నడిచాడు. ఆ రోజు కూడా మొదటి పంక్తిలో కూర్చోలేదు.

మర్నాడే పెద్దాయన దవాఖానకు వెళ్లాడు. రెండు పళ్లనుకున్నవి నాలుగు తీశారు. చిగుళ్లు మానేదాకా ఆగి, మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం యంత్రం తీసుకుని నేనూ కార్యదర్శీ వెళ్లాం. పెద్దాయన అరుగు మీద కూర్చున్నాడు. పై పెదవి లోపలికి పోయి ముఖం చిన్నదైంది. సన్నాయి గోడకు వేలాడుతోంది. నేను యంత్రాన్ని ఆయనకు ఎనిమిది అడుగుల దూరంలో, కొలిచి, స్టూలు మీద పెట్టాను. ఆయన అడిగింది అవతలి దిక్కు కదా.

టేపు మొదలైంది. డోలు, దాని మీద సన్నాయి, ఆ రెండింటి ముందు, చాలా స్పష్టంగా, కోస్తా యాసలో ఒక మగ గొంతు: ‘ఒకటి, రెండు, మూడు…’

నా చెవులను నేనే నమ్మలేదు. మనసులో లెక్కపెట్టుకున్నాననే ఇప్పటికీ నా జ్ఞాపకం. అందుకే జ్ఞాపకాన్ని నమ్మనన్నాను.

“ఇదెవలు?” అన్నాడు పెద్దాయన. పళ్లు లేక మాటలో గాలి ఎక్కువగా వస్తోంది.

“నేనేనండీ.”

“గొర్లను లెక్కవెడ్తున్నట్టున్నది గద.”

మేనల్లుడు డోలు కర్ర నోట్లో కుక్కుకుని అటు తిరిగాడు. నేను ఆపబోతే పెద్దాయన చెయ్యెత్తి వద్దన్నాడు. వింటూ కూర్చున్నాడు. రెండు వందలు, మూడు వందలు. లెక్క ఎక్కడా తప్పలేదని మాత్రం చెప్పుకోవాలి. సన్నాయి దాని వెనక ఎక్కడో, ఇంటి ముందు గట్టిగా మాట్లాడే చుట్టం వల్ల లోపలి గదిలో ఉండిపోయిన మనిషిలా, ఉండి ఉండి వినిపిస్తోంది. ఆయన తల ఒక పక్కకు వంచి, నా గొంతును దాటి వినడానికి ప్రయత్నిస్తున్నాడు. యాభై ఏళ్లు ఊది, నాలుగు పళ్లు పోగొట్టుకున్న మనిషికి పన్నెండు నిమిషాల పాటు నేను అంకెలు వినిపించాను.

‘ఏడు వందల నలభై ఒకటి. ఏడు వందల నలభై రెండు. ఏడు వందల నలభై మూడు.’

తర్వాత గొంతు లేదు.

పెద్దాయన తల ఎత్తాడు. “తప్పిపోయినయా సారూ గొర్లు?”

మనసులో లెక్క కట్టాను. 743 ఇంటూ 45 సెంటీమీటర్లు. గుండు నుంచి 334 మీటర్లు. దారి మలుపు తిరిగేచోటు. అక్కడ ఆయన అప్పటిదాకా వాయిస్తున్నది వదిలి వేరేదేదో ఎత్తుకున్నాడు. కార్యదర్శి దానికి ఒక రాగం పేరు చెప్పాడు, నేను రాసుకోలేదు. ఇప్పుడు టేపు మీద సన్నాయి ఒక్కటే ఉంది. ముందు గదిలోకి వచ్చేసింది. కార్యదర్శి అరుగు కింద నిలబడే ఉన్నాడు. వాళ్ల కోడలు తెచ్చిన మిర్చీ బజ్జీల పళ్లెం అతని చేతిలోనే చల్లారింది.

మూడు నిమిషాల ముప్పై ఏడు సెకన్లు. ఆ తర్వాత టప టప టప.

“ఇంతేనా?” అన్నాడు పెద్దాయన.

“టేపు అయిపోయిందండీ. నేను… చూసుకోలేదు.”

“అసలుది ఈడికెళ్లి గద సారూ. గడప దాక.”

“అవునండీ.”

“నువ్వు విన్నవా?”

“విన్నాను.”

“మంచిగుండెనా?”

మా విభాగంలో ‘బాగుంది’ అని రాయడానికి వీల్లేదు. ఎంత బాగుందో రాయాలి. ఎంతో తెలియక తల ఊపాను. పెళ్లిరోజు ఊపవలసిన తల.

ఆయన ఆ మూడున్నర నిమిషాలు మళ్లీ వెయ్యమన్నాడు. వేశాను. మళ్లీ అన్నాడు. తొమ్మిదిసార్లు వేశాను. ప్రతిసారీ వెనక్కి చుట్టి 743 తర్వాత ఆపడం నాకు అలవాటైపోయింది. తొమ్మిదోసారికి సెల్లులు బలహీనపడ్డాయి. సెల్లుల ఆయుష్షు గడిలో నేను రికార్డు చేసే వేళను లెక్కేశాను గానీ, ఎవరైనా వింటూ కూర్చుంటారని లెక్కెయ్యలేదు. రీలు నెమ్మదించింది. సన్నాయి శ్రుతి దిగుతూ దిగుతూ బొంగురుపోయి, మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

“గిప్పుడు సరిగ్గ నా లెక్కనే వలికింది,” అన్నాడు పెద్దాయన, తన నోటి వైపు చూపిస్తూ. తర్వాత లేచి చెప్పులు వేసుకున్నాడు. “అయిపోయిన కాడి అడుగు ఏడవడ్తది సారూ? తొమ్మిది వందల ఎంతో అంటివి.”

“తొమ్మిది వందల అరవై. గుండు నుంచి 432 మీటర్లు.”

“ఆడికి పోదాం పా. కూసుంటే నాకు యాదికి రాదు. నువ్వు లెక్కవెట్టు. నేను నోటితోని అంట.”

432 మీటర్ల గుర్తు ఒక గొర్రెల దొడ్డి ముందు పడింది. మేనల్లుడు డోలు తెచ్చాడు. యంత్రాన్ని అరుగు మీదే వదిలేశాం. సెల్లులు అయిపోయిన యంత్రం నాలుగు కిలోల బరువు తప్ప మరేమీ కాదు. నేను పెద్దాయన పక్కన నిలబడి, “తొమ్మిది వందల అరవై ఒకటి,” అన్నాను. ఆయన అడుగు వేసి ఎత్తుకున్నాడు. పళ్లు లేని నోటి నుంచి సగం పాట, సగం గాలి. అయినా అడుగు పడుతుంటే మలుపుల తర్వాత మలుపులు గుర్తొస్తూ వచ్చాయి. మధ్యలో ఒకచోట ఆగి, “కాదు కాదు,” అని రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ సరిగా అందుకున్నాడు. నేను ఆ రెండూ తీసేసి లెక్క కొనసాగించాను.

గడప దగ్గర ఆగాం. డోలు ఆగింది. పెద్దాయన ఊపిరి తీసుకుని నా వైపు చూశాడు.

“ఎంతాయె?”

“పదమూడు వందల పదకొండు.”

“ఎంత గావాలె?”

“పదమూడు వందల అరవై.”

ఆయన మేనల్లుణ్ణి చూసి, “మల్ల తప్పినయ్‌రా,” అన్నాడు. “ఈసారి ఎన్ని?”

“నలభై తొమ్మిది,” అన్నాను.

అవి ఏ అడుగు దగ్గర తప్పాయో ఇంటికి వచ్చాక చాలాసేపు ఆలోచించాను. చివరి పేజీ పట్టికలో ‘మొత్తం అడుగులు’ అన్న గడి దగ్గర కలం పెట్టాను. 1,360 అని రాస్తే అది దారి కొలత, నేను లెక్కపెట్టింది కాదు. 1,311 అని రాస్తే అది నేను లెక్కపెట్టింది, నడిచింది కాదు. 743 అన్నది టేపు చెబుతున్న సాక్ష్యం. మూడింటిలో ఏది రాసినా తనిఖీలో నిలవదు. కలం మూత పెట్టాను.